ఆపరేటర్ తెర నిండా పరికరాల స్టేటస్ సందేశాలు: వేటిని ఆపాలి, వేటిని ఉంచాలి?

ప్రశ్న: గుజ్జులైన్ (చిత్తూరు)

అందరికీ నమస్కారం. నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ పనులు చూస్తున్నాను. కాయలు కడిగే చోటి నుంచి పల్పర్, డికాంటర్, ట్యూబులర్ స్టెరిలైజర్, ఎసెప్టిక్ ఫిల్లర్ వరకు మా లైను మొత్తం ఒకే పీఎల్‌సీ (యంత్రాలను నడిపే కంట్రోలర్) మీద, ఒకే స్కాడా (ఆపరేటర్ తెరను నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడుస్తుంది. బాయిలర్, కూలింగ్ టవర్, కాయలు మాగబెట్టే గదులు కూడా అదే తెర మీదికి వస్తాయి. తోతాపురి సీజన్ మొదలైతే లైను రాత్రింబవళ్లు నడవాల్సిందే. ఒక గంట ఆగినా గేటు బయట కాయల ట్రాక్టర్లు రోడ్డు పొడవునా నిలిచిపోతాయి.

గత సీజన్‌కు ముందు పాత అనలాగ్ కార్డులు తీసి, హార్ట్ సమాచారాన్ని (కొలత వచ్చే వైర్ల మీదే పరికరం డిజిటల్‌గా పంపే స్థితి వివరాలను) చదవగల కార్డులు వేశాం. ట్రాన్స్‌మిటర్ (కొలతను 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటుగా పంపే పరికరం) లోపలి సంగతులు కంట్రోల్ రూములోనే తెలిస్తే మెయింటెనెన్స్ సులువవుతుందన్నది ఉద్దేశం. అయితే ఇంటిగ్రేషన్ చేసినవారు ప్రతి పరికరంలోని ప్రతి స్టేటస్ బిట్‌నూ ప్రాసెస్ అలారాల జాబితాలోకే, అదే ప్రాధాన్యంతో, అదే బజర్‌తో కలిపేసి వెళ్లారు. ఇప్పుడు షిఫ్టుకు వందల్లో సందేశాలు వస్తున్నాయి. కాలిబ్రేషన్ చేసిన ప్రతి ట్రాన్స్‌మిటర్ ‘కాన్ఫిగరేషన్ మారింది’ అని చూపి, వారాల తరబడి ఆ మాట వదలదు. సీఐపీ (లైనును విప్పకుండానే లోపల కడగడం) మొదలుపెడితే మాగ్నెటిక్ ఫ్లోమీటర్లు ‘పైపు ఖాళీ’ అంటాయి, కండక్టివిటీ మీటర్లు ‘పరిధి దాటింది’ అంటాయి. ఏ వైరూ కలపని ఖాళీ ఛానళ్లు సైతం ‘వైరు తెగింది’ అని మొరపెట్టుకుంటాయి. కరెంటు రెప్పపాటు పోయి జనరేటర్ అందుకునే లోపు మోడ్‌బస్ కమ్యూనికేషన్ లైను మీదున్న డ్రైవులన్నీ (మోటార్ల వేగాన్ని నడిపే పరికరాలు) ‘కమ్యూనికేషన్ లేదు’ అంటూ జాబితాను నింపేస్తాయి. మే నెల గాలివానల్లో ఇది దాదాపు ప్రతి సాయంత్రం జరిగేదే.

ఫలితంగా మా ఆపరేటర్లు చదవకుండానే అక్నాలెడ్జ్ నొక్కడానికి అలవాటు పడ్డారు. వారిని తప్పు పట్టలేను. హార్ట్ స్టేటస్ మొత్తాన్ని సీజన్ మొదలయ్యేలోపు ఆపేయమని పైవారు అంటున్నారు. అలా చేస్తే ఆ కార్డులకు పెట్టిన డబ్బంతా వృథా అయినట్టే. అంతకన్నా ముఖ్యంగా, స్టెరిలైజర్ మీదున్న ఏ సెన్సర్ అయినా నిజంగా చెడిపోతున్నప్పుడు మాకు తెలియకుండా పోతుందేమోనన్నది నా భయం. ఎగుమతి కొనుగోలుదారుల తరఫున వచ్చే ఆడిటర్లు మొదట అడిగేది స్టెరిలైజేషన్ ఉష్ణోగ్రత రికార్డులనే. ఏది ఆపాలి, ఏది ఉంచాలి అని తేల్చుకోవడానికి అనుభవజ్ఞులు వాడే పద్ధతి ఏదైనా ఉంటే దయచేసి చెప్పగలరు.

సమాధానం: రేణిగుంట డీసీఎస్

గుజ్జులైన్ గారూ, అన్నీ ఆపేయడానికి ఒక పూట చాలు. ఆపిన వాటిలో ఏది అవసరమో తరువాత వెతుక్కోవడానికి మాత్రం ఒక ప్రమాదం కావాల్సి వస్తుంది. కాబట్టి పైవారికి ఆ మాట ఒప్పుకోకండి. అలాగని ఉన్నవన్నీ ఉన్నట్టే ఉంచడం కూడా అంతే ప్రమాదకరం. 1994 జూలై 24న బ్రిటన్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో జరిగిన పేలుడుకు ముందు, చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందుకు 275 అలారాలు వచ్చాయి. అలారాలు మితిమీరి ఉండటం, వాటికి ప్రాధాన్యాలు సరిగా లేకపోవడం ఆ విచారణలో బయటపడిన లోపాల్లో ముఖ్యమైనవి. అక్కడ ఆపరేటర్లకు సమాచారం కొరత లేదు, ఎక్కువైంది. ఈ సంఘటన మీ పైవారికి చెప్పదగినదే.

2009లో వచ్చిన ఐఎస్‌ఏ 18.2, దాని బాటలో 2014లో వచ్చిన ఐఈసీ 62682 అనే ప్రమాణాలు అలారం అనే మాటకు ఇచ్చిన అర్థంలోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. పరికరం చెడినా, ప్రాసెస్ గాడి తప్పినా, పరిస్థితి అసాధారణంగా మారినా, ఆపరేటర్ సకాలంలో ఏదో ఒక చర్య తీసుకోవలసి ఉంటేనే దానిని అలారం అంటారు. ఆపరేటర్ చేయగలిగింది ఏమీ లేకపోతే అది ఎంత ముఖ్యమైన సమాచారమైనా అలారం జాబితాలో దానికి చోటు లేదు. ‘కాన్ఫిగరేషన్ మారింది’ అన్న సందేశం చూసి రాత్రి షిఫ్టు ఆపరేటర్ ఏం చేయాలి? ఏమీ లేదు. కనుక అది మీ మెయింటెనెన్స్ కంప్యూటర్‌లోకి, బజర్ లేకుండా, తేదీ సమయాలతో వెళ్లాలి. ప్రతి సందేశాన్ని పట్టుకుని ‘ఇది వస్తే ఎవరు, ఎంతసేపట్లో, ఏం చేస్తారు?’ అని అడగండి. ఆ మూడింటిలో ఒక్కదానికి జవాబు దొరకకపోయినా ఆ సందేశం ఆపరేటర్ తెర మీద ఉండకూడదు.

ఈ పంపకాన్ని మొదటి నుంచీ మీరే చేసుకోనక్కరలేదు. పరికరాల స్వయం పరీక్షల గురించి ప్రాసెస్ పరిశ్రమల్లో ఆటోమేషన్ వాడేవారి సంఘమైన నమూర్ ఇచ్చిన ఎన్‌ఈ 107 సిఫారసు అన్ని స్టేటస్‌లనూ నాలుగు గంపల్లోకి సర్దింది. ఎరుపు అంటే వైఫల్యం, అంటే కొలతను ఇక నమ్మకూడదు. నారింజ అంటే పరికరం మీద పని జరుగుతోంది, అందువల్ల కొలత తాత్కాలికంగా చెల్లదు. పసుపు అంటే పరికరం తన పరిధికి బయట పనిచేస్తోంది. నీలం అంటే కొలత ప్రస్తుతం సరిగానే ఉంది గాని త్వరలో మెయింటెనెన్స్ అవసరం. ఈ మధ్య వచ్చిన చాలా ట్రాన్స్‌మిటర్లలో ఏ సంఘటన ఏ గంపలో పడాలో మనమే మార్చుకోవచ్చు. నా అభిప్రాయంలో ఎరుపు మాత్రమే ఆపరేటర్‌కు చేరాలి, అదీ ఆ కొలత మీద కంట్రోల్ గాని ఇంటర్‌లాక్ (ప్రమాదం రాకుండా తనంతట తానే ఆపే లాజిక్) గాని ఆధారపడి ఉంటేనే. నీలం ఎప్పుడూ మెయింటెనెన్స్‌కే. నారింజ పని చేస్తున్నవారికి ఎలాగూ తెలుసు కాబట్టి, ఆ ట్యాగ్ పక్కన చిన్న గుర్తు కనబడితే చాలు. పసుపు దగ్గరే తగవంతా ఉంటుంది, ఎందుకంటే మీ ‘పైపు ఖాళీ’ సాధారణంగా అందులోకే వస్తుంది. దాని సంగతి పీఎల్‌సీ రాసేవారు ఎవరైనా వివరిస్తే బాగుంటుంది.

‘కాన్ఫిగరేషన్ మారింది’ ఎందుకు వదలదో చెబుతాను, ఇది చాలామందిని తికమక పెట్టే విషయం. హార్ట్‌లో పరికరాన్ని ప్రశ్నించేవారు ప్రైమరీ మాస్టర్, సెకండరీ మాస్టర్ అని ఇద్దరు ఉంటారు, పరికరం ఆ ఇద్దరికీ వేర్వేరుగా ఈ బిట్‌ను నిలబెడుతుంది. మీ సాంకేతిక సిబ్బంది చేతిలోని కమ్యూనికేటర్ సెకండరీ. అది తన బిట్‌ను చెరిపేసుకున్నా, ప్రైమరీ అయిన మీ కార్డు వైపు బిట్ అలాగే ఉండిపోతుంది. కార్డు గాని, ఆ పైనున్న సాఫ్ట్‌వేర్ గాని కమాండ్ 38 పంపితేనే అది పోతుంది. కాలిబ్రేషన్ ముగిశాక కొత్త సెట్టింగులను రికార్డుతో సరిచూసి, ఆ తరువాతే ఈ కమాండ్ పంపడాన్ని పని పత్రంలో చివరి అంశంగా చేర్చండి. ఇలా పెట్టుకుంటే ఆ బిట్ మీకు మేలే చేస్తుంది, ఎవరూ పని చేయని రోజున అది లేస్తే ఎవరో చెప్పకుండా రేంజ్ మార్చారని అర్థం. దానిని శాశ్వతంగా ఆపేసుకుంటే ఆ కాపలా పోతుంది.

అంకెల విషయానికి వస్తే, ఒక ఆపరేటర్‌కు రోజుకు 150 అలారాల వరకు, అంటే సుమారు పది నిమిషాలకు ఒకటి, భరించదగినదిగా ఈ ప్రమాణాలు లెక్కిస్తాయి. పది నిమిషాల్లో పదికి మించితే దానిని వరద అంటారు. ఒకే అలారం నిమిషంలో మూడు సార్లో అంతకన్నా ఎక్కువో వచ్చిపోతుంటే అది వణికే అలారం, 24 గంటలు దాటి నిలిచి ఉంటే అది పాతబడిన అలారం. మీ స్కాడాలోని చరిత్రను ఈ కొలబద్దలతో ఒకసారి జల్లెడ పట్టి, ట్యాగుల వారీగా లెక్క వేయండి. సందేశాల్లో సింహభాగం కొద్దిపాటి ట్యాగుల నుంచే వస్తున్నట్టు తేలడం సాధారణం.

సమాధానం: నీటి పంపులు (శ్రీకాళహస్తి)

ఖాళీ ఛానళ్ల గురించి మాత్రం ఒక మాట. దానికి ఫిల్టర్లు, ఆలస్యాలు ఏమీ అక్కరలేదు. హార్డ్‌వేర్ కాన్ఫిగరేషన్‌లో వాడని ఛానల్‌ను నిష్క్రియం చేసి డౌన్‌లోడ్ చేయండి, చాలా కార్డుల్లో ఈ వీలు ఉంటుంది. కొన్నింటికి డౌన్‌లోడ్ చేస్తే పీఎల్‌సీ ఆగుతుంది కనుక ఆ పని లైను నడవని రోజుల్లోనే పెట్టుకోండి. రేపు ఆ ఛానల్‌కు వైరు వేసేవారు మళ్లీ దానిని తెరవాలని గుర్తుండేటట్టు, ప్యానెల్ డ్రాయింగ్ మీద కూడా రాసి ఉంచండి.

సమాధానం: లాడర్ లాజిక్ (తిరుపతి)

రేణిగుంట సర్ నా వైపు తోసిన పసుపు సంగతి నేను అందుకుంటాను. పాలు, రసాలు, గుజ్జు తయారయ్యే ప్లాంట్లకు పీఎల్‌సీ ప్రోగ్రాములు రాయడమే నా పని, ప్రతి చోటా సీఐపీ సమయంలో ఇదే గోల.

ఫ్లోమీటర్‌కు పైపు ఖాళీగా ఉండటం గుజ్జు నడుస్తున్నప్పుడు తప్పు, సీఐపీలో నీళ్లు వంపుతున్నప్పుడు అదే సహజం. అంటే సందేశం సరైనదే, పరిస్థితిని బట్టి దాని అర్థం మారుతోంది. సీఐపీ ఏ అంచెలో ఉందో మీ పీఎల్‌సీకి తెలుసు కాబట్టి, ఆ అంచెను బట్టి అలారాన్ని అణచండి. ప్రమాణాల భాషలో దీనిని డిజైన్‌లోనే అణచడం అంటారు, ఆపరేటర్ చేతితో కాసేపు పక్కన పెట్టే షెల్వింగ్ వేరు, పరికరాన్ని సేవ నుంచి తప్పించడం వేరు. మూడింటినీ ఒకే బటన్ కింద కలపకండి, ఎవరు ఎందుకు ఆపారో తరువాత ఎవరూ చెప్పలేరు.

అణచే లాజిక్ రాసేటప్పుడు నేను రెండు షరతులు తప్పక పెడతాను. మొదటిది కాలపరిమితి. వంపే అంచె మామూలుగా పట్టే సమయం కన్నా బాగా ఎక్కువసేపు సాగితే అణచివేత దానంతట అదే తొలగిపోవాలి, లేకపోతే సీక్వెన్స్ ఎక్కడో ఇరుక్కున్నప్పుడు అలారాలన్నీ మూగవోయి ఉంటాయి. రెండవది, కండక్టివిటీ మీటర్‌ను అంచె మధ్యలో అణిచినా అంచె చివర తప్పక అడగాలి. కాస్టిక్ అంచె ముగిసే సమయానికి కండక్టివిటీ కావలసిన స్థాయికి చేరలేదంటే అది నిజమైన అలారమే, కడుగుడు జరగలేదని అర్థం. చివరి నీటి కడుగుడు తరువాత కూడా కండక్టివిటీ దిగిరాకపోతే లైనులో ఇంకా రసాయనం మిగిలి ఉందన్నమాట. ఆ రెండు క్షణాలను తప్పిస్తే మధ్యలో అది ఎంత ఊగినా ఎవరికీ పట్టనవసరం లేదు.

డ్రైవుల కమ్యూనికేషన్ విషయంలో ముందుగా తీగను చూడండి. మోడ్‌బస్ నడిచే ఆర్‌ఎస్ 485 లైనుకు రెండు చివరలా 120 ఓముల టెర్మినేషన్ నిరోధం ఉందా, మధ్యలో ఎవరైనా శాఖలు లాగారా, షీల్డ్ ఎక్కడ ఎర్త్ అయింది అన్నవి సరిచూడకుండా సాఫ్ట్‌వేర్‌లో ఆలస్యం పెంచడం నాకు నచ్చదు. ఒక డ్రైవ్ జవాబివ్వకపోతే మాస్టర్ ప్రతి విడతలోనూ దాని కోసం టైమౌట్ అయ్యేదాకా ఎదురుచూస్తుంది, దాంతో బాగున్న డ్రైవుల వంతు కూడా వెనకబడుతుంది. ఇక కరెంటు పోయినప్పుడు డ్రైవులన్నీ పలకకపోవడానికి కారణం ఒక్కటే కాబట్టి అలారం కూడా ఒక్కటే ఉండాలి. మెయిన్స్ లేదని చెప్పే రిలే కాంటాక్టును పీఎల్‌సీకి ఇచ్చి, అది లేచినప్పుడు డ్రైవుల సందేశాలను దాని కింద అణచండి. జనరేటర్ అందుకున్నాక డ్రైవులు మేలుకుని జవాబివ్వడానికి ఎంతసేపు పడుతుందో మీ దగ్గరే కొలిచి, దానికి కొంచెం కలిపి, ఆ తరువాత కూడా పలకని డ్రైవును మాత్రం చూపండి. అప్పుడు మిగిలేది మీరు నిజంగా వెళ్లి చూడవలసిన డ్రైవే.

వణికే అలారాలకు ఐఎస్‌ఏ 18.2 సూచించిన ప్రారంభ విలువలు ఉన్నాయి. డెడ్‌బ్యాండ్ (అలారం పోవడానికి కొలత ఎంత వెనక్కి రావాలో ఆ తేడా) ఫ్లోకు, లెవెల్‌కు పరిధిలో 5 శాతం, ప్రెషర్‌కు 2 శాతం, ఉష్ణోగ్రతకు 1 శాతం. ఆలస్యం ఫ్లోకు, ప్రెషర్‌కు 15 సెకన్లు, లెవెల్‌కు, ఉష్ణోగ్రతకు 60 సెకన్లు. ఇవి మొదలుపెట్టడానికి మాత్రమే, మీ ప్రాసెస్ చూసి మార్చుకోవాలి. ఒక హెచ్చరిక: ఈ ఆలస్యాలు అలారానికి మాత్రమే, ఇంటర్‌లాక్‌కు కావు. రెండింటికీ ఒకే టైమర్ వాడిన ప్రోగ్రాములు చాలా చూశాను.

ప్రశ్నకర్త జవాబు: గుజ్జులైన్ (చిత్తూరు)

అందరికీ కృతజ్ఞతలు. రేణిగుంట సర్ చెప్పినట్టు గత సీజన్ చరిత్రను ట్యాగుల వారీగా విడదీసి చూశాను. వారి మాట నిజమైంది, జాబితాలో ఎక్కువ భాగం ఖాళీ ఛానళ్లు, సీఐపీ ఫ్లోమీటర్లు, డ్రైవుల కమ్యూనికేషన్ కలిసి నింపినదే. వీటి పని ఇప్పుడు నాకు స్పష్టంగా ఉంది.

అయితే ఆ గుంపు కింద మరొకటి కనబడింది. స్టెరిలైజర్ హోల్డింగ్ ట్యూబ్ చివర ఉన్న ఉష్ణోగ్రత ట్రాన్స్‌మిటర్ ‘సెన్సర్ తెగింది’ అన్న స్టేటస్‌ను అప్పుడప్పుడు చూపింది. ప్రతిసారీ ఒకటి రెండు సెకన్లే, ఆ వెంటనే తనంతట తాను మామూలైపోయింది. ఎక్కువగా రాత్రి షిఫ్టులో, ఫ్లోరు కడిగే వేళకు అటూ ఇటూగా వచ్చినట్టుంది. లోపల మూడు వైర్ల పీటీ 100 ఆర్‌టీడీ (వేడిని బట్టి నిరోధం మారే సెన్సర్) ఉంది. ఉష్ణోగ్రత తగ్గితే డైవర్ట్ వాల్వ్‌ను తిప్పి గుజ్జును వెనక్కి పంపేది ఈ ట్రాన్స్‌మిటరే. కొలత ఎప్పుడూ సరిగానే ఉన్నట్టు చార్టులో కనబడుతోంది, గుజ్జు వెనక్కి మళ్లిన సందర్భం కూడా లేదు. దీనికి కూడా 60 సెకన్ల ఆలస్యం పెడితే సందేశం ఆగిపోతుంది కదా, పెట్టవచ్చునా?

సమాధానం: పాత మెయింటెనెన్స్ (పుత్తూరు)

పెట్టవద్దు బాబూ. మీ జాబితా మొత్తంలో ఆపరేటర్ తప్పనిసరిగా చూడవలసిన సందేశం ఏదైనా ఉంటే అది ఇదే. మిగతా సందేశాల రద్దీలో ఇది ఇన్నాళ్లూ కనబడకపోవడమే మీ అసలు సమస్య.

మీరు రాసిన వాటిలో నన్ను ఆపినది ‘గుజ్జు వెనక్కి మళ్లిన సందర్భం కూడా లేదు’ అన్న మాట. సెన్సర్ తెగినప్పుడు ట్రాన్స్‌మిటర్ ఏం చేయాలో దానిలో ముందే సెట్ చేసి ఉంటుంది. పైకి వెళ్లమంటే 21 మిల్లీ ఆంపియర్లో అంతకన్నా ఎక్కువో ఇస్తుంది, కిందికి వెళ్లమంటే 3.6 గాని అంతకన్నా తక్కువ గాని ఇస్తుంది. నమూర్ ఎన్‌ఈ 43 సిఫారసు ప్రకారం మామూలు కొలత 3.8 నుంచి 20.5 లోపే ఉంటుంది కనుక ఆ బయటి విలువలు చెడిపోయిన గుర్తు. ఇప్పుడు మీ ట్రాన్స్‌మిటర్ పైకి వెళ్లేటట్టు సెట్ అయి ఉందనుకోండి. సెన్సర్ తెగిన క్షణాన పీఎల్‌సీకి ఉష్ణోగ్రత తగ్గినట్టు కాదు, బాగా పెరిగినట్టు కనబడుతుంది. వేడి చాలినంత ఉందనుకుని అది డైవర్ట్ వాల్వ్‌ను ముందుకే తెరిచి ఉంచుతుంది. ఆవిరి వాల్వ్‌ను కూడా ఇదే కొలతతో నడుపుతుంటే పరిస్థితి ఇంకా అధ్వానం, వేడి ఎక్కువైందని ఆవిరిని మూసేస్తుంది, గుజ్జు నిజంగా చల్లబడుతుంది, అయినా ఫిల్లర్ వైపే పోతుంది. మీకు ఒకటి రెండు సెకన్లు గనుక ఏమీ కాలేదు. ఆ తెగుడు నిలిచిపోయే రోజున ఏమవుతుందో ఆలోచించండి.

కాబట్టి మొదట కమ్యూనికేటర్ పెట్టి ఆ సెట్టింగ్ ఎటు ఉందో చూడండి. తక్కువ ఉష్ణోగ్రతకు కాపలా కాసే కొలతకు అది కిందికే ఉండాలి. తరువాత పీఎల్‌సీలో స్కేలింగ్ (కరెంటును డిగ్రీలుగా మార్చే భాగం) చూడండి. 4 కన్నా తక్కువ వచ్చిన దానిని 4గా, 20 దాటిన దానిని 20గా కత్తిరించే బ్లాకులు ఉంటాయి, అవి ఉంటే ఈ చెడిపోయిన గుర్తు లోపలికే రాదు. డైవర్ట్ లాజిక్‌లో ‘ఉష్ణోగ్రత తక్కువ’ అన్న షరతుతో పాటు ‘ఈ కొలత చెల్లదు’ అన్న షరతు కూడా చేర్చి, రెండింటిలో ఏది నిజమైనా వాల్వ్ వెనక్కి తిరిగేటట్టు చేయండి. చార్టులో ఏమీ కనబడకపోవడానికి డాంపింగ్ (కొలత ఊగిసలాటను నునుపు చేయడం) గాని, స్కాడా రికార్డు చేసే విరామం గాని కారణం కావచ్చు. అంత చిన్న గెంతును అవి మింగేస్తాయి.

ఇక ఆ తెగుడు ఎక్కడ ఉందంటారా, నేనైతే ముందు ఆర్‌టీడీ తల మూత విప్పుతాను. ఫ్లోరు కడిగే వేళకు వస్తోందని మీరే రాశారు. మూతలోని గాస్కెట్ ఎండిపోయి ఉండవచ్చు, కేబుల్ గ్లాండ్ కేబుల్ సైజుకు సరిపోనిది కావచ్చు, గొట్టంతో కొట్టిన నీళ్లు లోపలికి చేరి టెర్మినళ్లు పచ్చబారి ఉండవచ్చు. హోల్డింగ్ ట్యూబ్ దగ్గర పంపు అదురుకు టెర్మినల్ స్క్రూలు వదులు కావడం కూడా మామూలే. తెగినప్పుడు స్టేటస్ చూపుతోంది కాబట్టి తెలిసింది. తెగకముందు వదులు కాంటాక్టు చేసే నష్టం ఇంకా సూక్ష్మమైనది. పీటీ 100 నిరోధం 0 డిగ్రీల దగ్గర 100 ఓములు, 100 డిగ్రీల దగ్గర సుమారు 138.5 ఓములు, అంటే డిగ్రీకి దాదాపు 0.385 ఓము. మూడు వైర్ల పద్ధతి వైర్ల నిరోధం సమానంగా ఉంటేనే దానిని తీసివేయగలదు. ఒక్క వైరు దగ్గర తుప్పు వల్ల ఒక ఓము అదనంగా చేరితే కొలత సుమారు రెండున్నర డిగ్రీలు తప్పుతుంది. అది ఏ వైరు మీద పడిందో దానిని బట్టి ఎక్కువ చూపవచ్చు, తక్కువ చూపవచ్చు. ఎక్కువ చూపితే మీ గుజ్జు ఆ మేరకు తక్కువ వేడితోనే బయటికి పోతోందన్నమాట. కాబట్టి తల విప్పి, టెర్మినళ్లు శుభ్రం చేసి, గ్లాండ్ మార్చి, మూడు వైర్ల నిరోధం కొలిచి, ఆ తరువాత ఆ ఆర్‌టీడీని రిఫరెన్స్ థర్మామీటర్ పక్కన పెట్టి సరిచూసి కాగితం మీద పెట్టండి. మీ ఆడిటర్ అడిగేదీ అదే.

సమాధానం: లాడర్ లాజిక్ (తిరుపతి)

పుత్తూరు పెద్దాయన చెప్పినదానికి ప్రోగ్రాము వైపు నుంచి ఒకటి కలుపుతాను. ‘కొలత చెల్లదు’ అన్న బిట్‌ను హార్ట్ ద్వారా వచ్చే స్టేటస్ నుంచి తీసుకోకండి. హార్ట్ నెమ్మది, కార్డు ఒక్కో ఛానల్‌ను వంతులవారీగా అడుగుతుంటే జవాబు రావడానికి సెకన్లు పట్టవచ్చు. ఇంటర్‌లాక్‌కు కావలసిన చెల్లుబాటును కరెంటు విలువ నుంచే, 3.6 కింద లేక 21 పైన అన్న పోలికతో, అదే స్కాన్‌లో (పీఎల్‌సీ ప్రోగ్రాము ఒక చుట్టు తిరిగేలోపు) తేల్చుకోవాలి. హార్ట్ స్టేటస్ ఎందుకు చెడిందో చెప్పడానికి పనికొస్తుంది, వాల్వ్‌ను తిప్పడానికి కాదు. ఇంకొకటి, రెండు సెకన్ల సందేశం తనంతట తాను మాయం కాకుండా, ఈ ఒక్క ట్యాగ్‌కు మాత్రం మెయింటెనెన్స్ వారు వచ్చి రీసెట్ చేసేదాకా నిలిచి ఉండేటట్టు లాచ్ పెట్టండి.

ప్రశ్నకర్త జవాబు: గుజ్జులైన్ (చిత్తూరు)

సర్, ఇప్పుడే కమ్యూనికేటర్ పెట్టి చూశాను. సెట్టింగ్ పైకే ఉంది. దానిని మార్చడానికి నాణ్యత విభాగం వారి సంతకం కూడా కావాలి కనుక ఈ చర్చ సారాంశంతో మార్పు పత్రం రాస్తున్నాను. బాయిలర్ వైపు, మాగబెట్టే గదుల వైపు ఉన్న ట్రాన్స్‌మిటర్లన్నింటికీ కూడా ఈ సెట్టింగ్ ఎటు ఉండాలో ఒక్కొక్కటిగా చూడాలనుకుంటున్నాను. చివరగా ఒక సందేహం. సీజన్ అయిపోయాక లైను నెలల తరబడి ఖాళీగా ఉంటుంది, సగం పరికరాలకు కరెంటే ఉండదు. అప్పుడు జాబితా మళ్లీ నిండిపోతుంది, సీజన్ మొదట్లో ఏది కొత్తదో ఏది పాతదో తెలియదు. దానికి ఏం చేస్తారు?

సమాధానం: రేణిగుంట డీసీఎస్

సెట్టింగుల విషయంలో తొందరపడి అన్నింటినీ కిందికి మార్చేయకండి. తక్కువైతే ప్రమాదం అన్న చోట కిందికి, ఎక్కువైతే ప్రమాదం అన్న చోట పైకి ఉండాలి. ఆవిరి ప్రెషర్ ఎక్కువైతే బర్నర్‌ను ఆపే ట్రాన్స్‌మిటర్‌ను కిందికి మారిస్తే ఇదే తప్పు తిరగబడి అక్కడ జరుగుతుంది. బాయిలర్ డ్రమ్ లెవెల్‌కు రెండు వైపులా ప్రమాదమే కాబట్టి అక్కడ దిశ మీద ఆధారపడకుండా, ‘కొలత చెల్లదు’ అన్న బిట్‌తోనే ట్రిప్ ఇవ్వాలి. బాయిలర్ లాజిక్‌లో ఏ మార్పైనా దాని బాధ్యత ఉన్న బాయిలర్ ఇంజినీరు అనుమతి లేకుండా చేయకండి.

లైను ఖాళీగా ఉండే నెలలకు ‘సేవలో లేదు’ అన్న స్థితి ఉంది, దానిని వాడండి. విభాగాల వారీగా, ఉదాహరణకు పల్పర్ వైపు ఒకటి, స్టెరిలైజర్ వైపు ఒకటి, ఫిల్లర్ వైపు ఒకటిగా గుంపులు చేసుకుని, లైను మూసేటప్పుడు ఆ గుంపును సేవ నుంచి తప్పించండి. ఎవరు తప్పించారో, ఎప్పుడో స్కాడాలోనే నమోదు కావాలి. తప్పించిన వాటి జాబితా వేరే పేజీలో ఎప్పుడూ కనబడుతూ ఉండాలి, దాచిపెట్టకూడదు. ఏడాది పొడవునా నడిచే కూలింగ్ టవర్, నీటి శుద్ధి, ఫైర్ పంపులు ఈ గుంపుల్లో చేరకుండా చూసుకోండి. కాయలు రావడానికి ముందు మీరు ఎలాగూ నీళ్లతో ట్రయల్ నడుపుతారు. ఆ ట్రయల్ మొదలుపెట్టక ముందే ప్రతి గుంపును తిరిగి సేవలోకి తెచ్చి, నిలిచి ఉన్న ప్రతి స్టేటస్‌నూ ఒక్కొక్కటిగా తీర్చి, కమాండ్ 38తో కాన్ఫిగరేషన్ బిట్లు చెరిపి, జాబితా ఖాళీ అయ్యాకే పంపు ఆన్ చేయండి. స్టెరిలైజర్ మీద నీళ్లు నడుస్తుండగా ఆ హోల్డింగ్ ట్యూబ్ ఆర్‌టీడీ వైరును టెర్మినల్ దగ్గర చేతితో ఊడదీసి, డైవర్ట్ వాల్వ్ వెనక్కి తిరిగిందో లేదో ఆపరేటర్, నాణ్యత విభాగం వారు ఇద్దరూ ఉండగా చూసి సంతకాలు తీసుకోండి.